ఎర్రరంగు కింద ఇనుము

మా దీవిలో, లంబాసా ఊళ్ళో చెరకు మిల్లు తెరిచే ముందు లారీలకు రంగులు వేసి పూజ చేస్తాం. ఈ ఏడు మా అబ్బాయి అవినేష్ బ్యాటరీ ఎర్తు తీగ విప్పి, అది లారీ చట్రానికి బిగించే చోటు తళతళలాడేదాకా గీకి టీకి వెళ్ళాడు. ఇంత ఎర్రటి లారీకి ఆ బోడి మచ్చేమిటని నేనే రంగు పూసేశాను. వాడు చూసుకోలేదు. దానిమీదే బోల్టు బిగించాడు.

రోజూ మా సందులోకి తిరుగుతూ ఎడమ ఇండికేటరు రెండుసార్లు వెలిగించేవాడు. టీ పెట్టమ్మా అని.

మిల్లు తెరిచిన పదమూడో రోజు రాత్రి, వంతెన మీద లారీ లైట్లన్నీ ఆరిపోయాయి. లారీకి సొట్ట పడిందంతే. వాడు బతకలేదు.

నాకు ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

నెల తిరిగింది. నరికిన చెరకు ఎండిపోతోంది, మిల్లులో రేపు మా వంతు. తానే తోలతానంది కోడలు ప్రణీల. సాయంత్రం మెకానిక్ ఇసోవా వచ్చి బ్యాటరీ దించి, ఛార్జింగుకు ఇంట్లో పెట్టి, ఆ బోల్టు విప్పాడు.

"ఈ రంగు ఎవరు పూశారు?"

"నేనే నాయనా."

"లారీకి బొట్టు పెడితే చాలదా ఆజీ?" అవ్వను ఆజీ అంటాడతను. నవ్వబోయి ఆగాడు. "వెళ్ళిన కరెంటు తిరిగి ఇల్లు చేరాలి. దారి మూసేస్తే ఎటెటో తిరుగుతుంది. లైట్లు అందుకే పోయాయి... పొద్దున ఆకురాయి తెచ్చి గీకుతాను. అందాకా ముట్టుకోకండి."

అప్పుడు తెలిసింది నాకు. అన్నం వడ్డించాను. తిన్నాను కూడా.

సన్నగా తుంపర. మిల్లు వైపు నుంచి బెల్లపు వాసన. దీపం ఆర్పే వేళకి లారీ షెడ్డులో గర్... గర్...

"అత్తా... ఎలుకా?" గుసగుసగా అంది ప్రణీల.

"ఎలుకే."

ఇద్దరం లేవలేదు. గర్... గర్... చాలాసేపు. తర్వాత ఆగింది. పూజ నాటి తడి రంగు వాసన ఇంట్లోకి వచ్చింది.

పొద్దున ఇసోవా ఆకురాయితో వచ్చాడు. బోల్టు చోట రంగు లేదు. ఇనుము మెరుస్తోంది, దానిమీద సన్నని గీతలు.

"గోళ్ళతో గీకారా ఆజీ? ఒక్క పూట ఆగలేకపోయారా?"

నా చేతులు చూసుకున్నాను. గోళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ప్రణీల తన చేతులు చూపించింది. అవీ అంతే.

ఇసోవా తీగ బిగించి బ్యాటరీ తేవడానికి లోపలికి వెళ్ళాడు. ప్రణీల ఎక్కి డ్రైవరు సీట్లో కూర్చుంది.

ఎడమ ఇండికేటరు వెలిగింది. ఆరింది. మళ్ళీ వెలిగింది.

బ్యాటరీ ఎత్తుకుని ఇసోవా గుమ్మంలోనే నిలబడిపోయాడు.

ప్రణీల స్టీరింగు వదిలి, మెల్లగా పక్క సీట్లోకి జరిగింది... చోటిస్తూ.