పక్క వరస ఖాళీ

పాస్‌పోర్టు ఫోటోలు తీసే స్టూడియోలో పని నాది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా "కదలకండి, గడ్డం కొంచెం దించండి" అని చెప్పుకునే బతుకు. అలాంటిదాన్ని, రెప్పపాటులో కళ్ల ముందునుంచి మాయమైపోయే బైకుల్ని ఫోటో తియ్యడం నేర్చుకుంటానని బయల్దేరానంటే కారణం ఒక్కటే. మా అన్నయ్య.

అన్నయ్య డ్రాగ్ రేసుల్లో బైకు నడుపుతాడు. ఏ వంపూ లేని రోడ్డు, రెండు వరసలు, వరసకో బైకు. పచ్చ దీపం వెలగ్గానే ఇద్దరూ దూసుకుపోవాలి. అవతలి గీత ఎవరు ముందు దాటితే వాళ్లదే గెలుపు. ఇంతకాలం నడిపినా తనకి చెప్పుకోదగ్గ ఫోటో ఒక్కటీ లేదు. ఈ సీజను చివరి రేసుతో మానేస్తానని వదినకి మాటిచ్చాడు. వదినకి నెలలు నిండుతున్నాయి. "మానేసేలోపు ఒక్క మంచి ఫోటో తీసిపెట్టవే, పుట్టబోయేవాళ్లకి చూపించి గొప్పలు చెప్పుకుంటాను" అని నా వెంటపడ్డాడు.

నాకు పని నేర్పింది ట్రాకు దగ్గర ఎప్పట్నుంచో ఫోటోలు తీస్తున్న పెద్దాయన. అందరూ మాస్టారూ అనే పిలుస్తారు. ఆయనకి మాటలు తక్కువ, విసుగు ఎక్కువ.

"బైకుతో పాటు నువ్వూ తిరగాలమ్మా. చేతులు కాదు, నడుము తిప్పు. నీ కెమెరాతో సమానంగా ఏది కదిలితే అదే స్పష్టంగా పడుతుంది. మిగతాదంతా అలుక్కుపోతుంది. పోనీ, దాని ఖర్మ."

మొదట్లో నాకు అన్నీ అలుక్కుపోయేవి. వదిన చూసి, "ఇది మీ అన్నయ్యా, గాలికి ఎగిరిపోతున్న దుప్పటా?" అని పొట్ట పట్టుకుని నవ్వేది. నాకు ఉక్రోషం వచ్చి, స్టూడియో గుమ్మంలో నిలబడి రోడ్డు మీద పోయే ప్రతి బండినీ తీశాను. మెడ పట్టేసింది గానీ చెయ్యి కుదిరింది.

మాస్టారి అలవాటు ఒకటి మాత్రం నాకు అంతుపట్టలేదు. అప్పుడప్పుడూ ఒకరి బండి మొరాయిస్తుంది. రెండోవాడు ఒక్కడే వెళ్లి గీత దాటొస్తాడు. దాన్ని ఒంటరి పరుగంటారు. ఆ పరుగు మొదలయ్యే ముందు మాస్టారు లెన్సుకి మూత పెట్టేసి తల దించుకుంటారు. కంచె పొడుగునా ఉన్న పాత ఫోటోగ్రాఫర్లందరూ అంతే.

"ఎందుకు మాస్టారూ?" అని ఓసారి అడిగాను.

"పక్క వరస ఖాళీగా ఉంటుంది. బాగుండదు" అన్నారు. ఎప్పుడూ ఉండే విసుగు ఆ మాటలో లేదు.

చివరి రేసు రోజు పొద్దు వాలుతుండగా అన్నయ్య వంతు వచ్చింది. టైర్లు వేడెక్కించడానికి ఉన్నచోటే చక్రాలు గిర్రున తిప్పుతుంటే తెల్లటి పొగ రోడ్డంతా కమ్మేసింది. కాలిన రబ్బరు వాసన గొంతులోకి దిగి దగ్గొచ్చింది. స్తంభాల మీద లైట్లు ఒక్కొక్కటే వెలుగుతున్నాయి. పొగ పలచబడ్డాక అన్నయ్య నేనెక్కడున్నానో వెతుక్కుని బొటనవేలు ఎత్తి చూపించాడు.

పక్క వరసలో బండి ఒకసారి దగ్గింది. మళ్లీ దగ్గింది. ఆగిపోయింది. దాన్ని తోసుకుంటూ వెనక్కి తీసుకుపోయారు.

మాస్టారు మూత పెట్టేశారు. "నువ్వూ పెట్టు."

"ఇదే ఆఖరుది మాస్టారూ. ఇప్పుడు తియ్యకపోతే ఇంకెప్పుడూ తియ్యలేను."

"అమ్మా... నా మాట విను. పెట్టెయ్."

నేను వినలేదు.

పచ్చ దీపం వెలిగింది. చెవులు చిల్లులు పడేంత చప్పుడు. వేలు నొక్కి పట్టుకుని నడుము తిప్పాను. ఏనాడూ కుదరనంత చక్కగా కుదిరింది. కానీ... వినిపిస్తున్నది ఒక్క బండే. కెమెరాలో మాత్రం... రెండు కదులుతున్నాయి.

కెమెరా దించి చూశాను. రోడ్డు మీద అన్నయ్య ఒక్కడే. అప్పటికే గీత దాటేశాడు.

తీసినవాటిని మొదటిదాకా వెనక్కి జరిపి, అక్కణ్ణుంచి ఒక్కొక్కటే చూశాను. మొదటి ఫోటోలో అన్నయ్య ఎంత బాగా పడ్డాడో! హెల్మెట్ మీద గీరుకుపోయిన మరకలు కూడా తెలుస్తున్నాయి. జనం, కంచె, స్తంభాలు అలుక్కుపోయాయి. పక్క వరసలో, కాస్త వెనగ్గా, ఎవరో ఉన్నారు.

బండి లేదు. పరిగెత్తడం లేదు. చేతులు కిందికి వదిలేసి నిటారుగా నిలబడ్డాడు. చొక్కా గుండీలు లెక్కపెట్టొచ్చు, అంత స్పష్టంగా ఉన్నాడు. ముఖం అన్నయ్య వైపు తిరిగి ఉంది.

నిలబడ్డవాడైతే ఆ స్తంభాల్లాగే అలుక్కుపోవాలి...

తర్వాతి ఫోటోలో వాడు అన్నయ్యకి దగ్గరగా వచ్చాడు. ఆ తర్వాతిదాంట్లో ఇద్దరూ పక్కపక్కనే. వాడి కాళ్లు కదల్లేదు. చొక్కా ఎగరలేదు. అన్నయ్యే కొద్దికొద్దిగా చెదిరిపోతున్నాడు.

మాస్టారు నా భుజం మీదుగా చూస్తున్నారు. "చివరిది చూపించు" అన్నారు గుసగుసగా.

చూపించలేకపోయాను. నేనొక్కదాన్నే చూసి కెమెరాని గుండెలకి హత్తుకున్నాను.

"పక్కన ఎవరూ లేనంతసేపూ ఓటమన్నదే లేదమ్మా. నువ్వు వాణ్ణి ఫోటోలోకి రానిచ్చావు. గీత దగ్గర ఎవరు ముందున్నారు?"

"...వాడే."

"వాడి చేతిలో ఓడినవాడు ఇక నిలవడమ్మా" అంటూ ఆయన నా జేబులోంచి మూత తీసి, తనే నా లెన్సుకి పెట్టారు. సంచీ భుజాన వేసుకుని, అన్నయ్య వచ్చేలోపే వెళ్లిపోయారు.

అన్నయ్య నవ్వుతూ వచ్చాడు. తనని చూడగానే నాకు ఏడుపొచ్చేసింది. "పిచ్చిదానా, దెబ్బలేం తగల్లేదే" అని నెత్తిన మొట్టాడు. "ఆఖర్న మాత్రం ఎవరో దాటిపోయినట్టు పక్కనుంచి గాలి కొట్టింది. భలే ఉందిలే."

ఫోటోలన్నీ చెరిపేశాను. ఒక్కటీ కుదర్లేదని అబద్ధం చెప్పాను. ఇంటికి చేరేదాకా తన చొక్కా అంచు పట్టుకునే కూర్చున్నాను. ఏమీ కాలేదు. అందరం క్షేమంగా ఇంట్లో పడ్డాం.

వదిన వంటింట్లో మా కోసమే చూస్తోంది. "రేసుల పీడ వదిలిపోయింది. ఇక నాకు హాయి" అంది. "ఈయన కదలకుండా కూర్చున్నప్పుడైనా ఒకటి తియ్యి చూద్దాం!" అన్నయ్య కుర్చీలో కూర్చున్నాడు. వదిన వెనక నిలబడి తన భుజం మీద చెయ్యి వేసింది. వద్దనడానికి ఏం కారణం చెప్పను?

కెమెరాని కదలకుండా వంటగట్టు మీద పెట్టాను. "కదలకండి" అన్నాను.

గదంతా స్పష్టంగా పడింది. గిన్నెలు, గోడ గడియారం, వదిన నవ్వు. కుర్చీలో మాత్రం అన్నయ్యకి బదులు ఒక చార. రోడ్డు మీద దూసుకుపోయేవాటికి పడేలాంటి చార.

"కదిలావా?"

"లేదే."

ఇంకోటి తీశాను. చార కుర్చీ చివరికి జరిగింది.

ఇంకోటి...

కుర్చీ ఖాళీగా ఉంది. వెనక వదిన నవ్వుతోంది. ఆమె చెయ్యి భుజమంత ఎత్తులో, గాలి మీద ఆనుకుని ఉంది.

తలెత్తి చూశాను. అన్నయ్య నా ఎదురుగానే, ఆ కుర్చీలోనే ఉన్నాడు. వదిన చెయ్యి తన భుజం మీదే ఉంది.

"బాగా పడ్డానా?" అన్నాడు. "ఇంకొక్కటి తియ్యవే."