పంపు హౌస్‌లో ఉప్పు గొట్టం

హెడ్‌క్వార్టర్స్ ఆర్డర్ ఒకే వాక్యం: మంచిర్యాల దగ్గరి బొగ్గు గనిలో పంపు పేలకూడదు. పేలితే నీళ్లు తోడే దిక్కుండదు, కింద షిఫ్టులో ఉన్న నూట అరవై మంది మునిగిపోతారు. 1965 సెప్టెంబరు. సరిహద్దులో యుద్ధం. బొగ్గు ఆగితే రైళ్లు ఆగుతాయి. శత్రుదేశపు ముఠాకు కావలసింది అదే.

ఏజెంట్ 27, అసలు పేరు హనుమంతు, పది రోజులుగా పంపు హౌస్ ఊడ్చే మనిషి వేషంలో ఉన్నాడు. గోడల మీద తంబాకు ఉమ్ములు కడిగీ కడిగీ అతనికి అన్నం సయించడం లేదు. ఛీ, ఇదొక ఉద్యోగమా అనుకునేవాడు. కానీ అసిస్టెంట్ ఇంజనీర్ నరహరిని చూస్తే ఆ ఉమ్ములే నయమనిపించేది. పొద్దున కూలీల వీపు తట్టి, సాయంత్రం వాళ్ల ప్రాణాలకు బేరం పెట్టే మనిషి వాడు.

పదకొండున్నరకు మిస్ జూలీ వచ్చింది. నల్ల కళ్లద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్, ఘాటైన సెంటు. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది. ఆమె పనిచేసేది మాత్రం మనకు.

"పంపు కింద పెట్టె. పన్నెండింటికి పేలుతుంది," అంది.

హనుమంతు మూత తెరిచాడు. బ్యాటరీ, డిటొనేటర్, మధ్యలో తెగిన తీగ. ఆ తెగినచోట గాజుగొట్టం నిండా ఎండు ఉప్పు. పైన డిస్టిల్డ్ వాటర్ సీసా, దాని మూతకు గడియారం. పన్నెండింటికి గడియారం సీసా మూత తీస్తుంది. ఎండు ఉప్పులో అయాన్లు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకొని కదలవు, కరెంటు పోదు. నీళ్లు పడితే విడిపోయి కరెంటును మోస్తాయి. సూటిగా గడియారంతోనే పేల్చొచ్చు కదా? ఊహూ, కెమిస్ట్రీ డిగ్రీ ఉన్న నరహరి తెలివి లోకానికి తెలియొద్దూ!

తీగ కోసినా, గడియారాన్నో సీసానో ముట్టినా, పెట్టె కదిపినా, గొట్టం బరువు తగ్గినా పేలుతుందని జూలీ చెప్పింది. కింద ఉన్నవాళ్లను పైకి తేవడానికి గంటన్నర కావాలి. ఉన్న దారి ఒక్కటే: ఉప్పు తీస్తూ ఆ చోట ఇంకేదో నింపాలి.

అదురుకు చేయి నిలవదని, తానెవరో చెప్పి హనుమంతు పంపు ఆపించాడు. పంపు నడిపే బాలమల్లు ముఖం పాలిపోయింది. అతని కొడుకు మొండయ్య కిందే ఉన్నాడు. బాలమల్లు గబగబా ఇనుప రజను దోసిట్లో తెచ్చాడు. హనుమంతు ఆ చేయి పట్టుకున్నాడు. ఇనుములో ఎలక్ట్రాన్లు ఒకచోట నిలవవు, ఇష్టమొచ్చినట్టు తిరుగుతాయి. నీళ్లతో పనిలేకుండా ఇప్పుడే పేలుతుంది. చక్కెర కావాలన్నాడు.

రేషన్ రోజుల్లో చక్కెర ఎక్కడిది? బాలమల్లు సద్దిమూటలోంచి బెల్లం తీశాడు. "తీపి తీపే గద సార్. మేం చాయల గిదే ఏసుకుంటం."

"వద్దు. చెరుకురసంలోని లవణాలు, సున్నం ఇందులోనే ఉంటాయి. అవీ కరెంటును మోస్తాయి."

"చక్కెర నరహరి సంచిలో ఉంది," అంటూ జూలీ పిస్టల్ తీసి బయటికి పరుగెత్తింది. జీపెక్కబోతున్న నరహరిని మెడపట్టి లాక్కొచ్చింది, అతని సంచితో సహా. సంచిలో తెల్లటి చక్కెర. క్యాంటీన్ నుంచి కాజేసిన కూలీల రేషన్. నూట అరవై మందిని ముంచిపోతూ వాళ్ల చాయలో చక్కెర కూడా వదల్లేదు. ఇలాంటి వాడితో ఒకే గాలి పీల్చాలంటేనే హనుమంతుకు రోత.

జూలీ ఉప్పు తోడుతుంటే హనుమంతు చక్కెర పోశాడు. గొట్టంలో ఉప్పంతా పోయి చక్కెర నిండింది. పదకొండు యాభైతొమ్మిది. నరహరిని పెట్టె పక్కనే కూర్చోబెట్టాడు.

టక్. మూత తెరుచుకుంది. నీళ్లు పడ్డాయి, చక్కెర కరిగింది. ఏమీ కాలేదు. చక్కెర అణువుల్లో పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకొని ఉంటాయి. కరిగినా అణువులు అణువులుగానే ఉంటాయి, కరెంటును మోసే అయాన్లు పుట్టవు. నరహరి మాత్రం పంట్లాం తడుపుకున్నాడు. ముఠా పేర్లు అడగకముందే వరసగా చెప్పడం మొదలుపెట్టాడు. తన మనుషులను పట్టివ్వడానికి అంత తొందరపడేవాణ్ని హనుమంతు ఎన్నడూ చూడలేదు. తల పక్కకు తిప్పుకున్నాడు.

బాలమల్లు మళ్లీ పంపు నడిపించాడు. జరిగింది ఎవరికీ చెప్పొద్దని హనుమంతు అతనితో మాట తీసుకున్నాడు. షిఫ్టు అయిపోయి పైకి రాగానే మొండయ్య బొడ్డుదాకా తడిసి, మండిపడుతూ లోపలికొచ్చాడు.

"పంపు బందు పెట్టి పన్నవా బాపు? కింద జర ఉంటే మునుగుతుంటిమి!"

బాలమల్లు కళ్లు తుడుచుకున్నాడు. "కునుకు పట్టింది బిడ్డా," అన్నాడు.