వ్యాసం చివరి పేజీ

నాకు తొందరెక్కువ. అందుకే మొదటిరోజే ఆమెతో గొడవయింది.

ప్రపంచ మతాల మీద పరిశోధన మొదలుపెడుతున్నాను, అన్నీ ఉన్న పుస్తకం ఒకటిమ్మని లైబ్రరీ రిఫరెన్స్ విభాగంలో అడిగాను. బల్ల వెనకున్న అమ్మాయి నన్ను ఎగాదిగా చూసింది.

“అన్ని మతాలూ ఒక్క పుస్తకంలోనా? సాయంత్రానికి అయిపోవాలాండీ?”

నా మొహం మాడిపోయింది. ఆమె మాత్రం లేచి విజ్ఞాన సర్వస్వం సంపుటం తెచ్చి పద్ధతి చెప్పింది. ముందు అందులో వ్యాసం చదవాలి. చివర్లో చదవాల్సిన పుస్తకాల పట్టిక ఉంటుంది, అసలు పని అక్కడ మొదలవుతుంది. నేను మొదటి రెండు పేజీలు రాసుకుని లేచేవాణ్ణి. మర్నాడు పట్టిక గురించి అడిగి ఇట్టే పట్టేసేది.

అలా రోజుకో మతం. బౌద్ధం నాడు వానొచ్చింది, గొడుగు లేదన్న వంకతో మూసేదాకా కూర్చున్నాను. జైనాన్ని మూడు రోజులు సాగదీశాను. మతాలన్నీ అయిపోతే ఏం చేస్తావురా అని ఇంట్లో అక్క ఏడిపించింది. నిజంగానే అయిపోవచ్చాయి.

ఒక సోమవారం ఆమే ఒక సంపుటం తెచ్చి నా ముందు తెరిచింది. వివిధ మతాల్లో వివాహం గురించిన వ్యాసం.

“ఇదొక్కటైనా చివరిదాకా చదవండి,” అంది.

మళ్లీ దెప్పుతోందనుకున్నాను. ఒళ్లు మండి, నా పేపరుకు ఇది అక్కర్లేదని చెప్పి వచ్చేశాను. వారం రోజులు బెట్టు చేశాను. తర్వాత వెళితే ఆ కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నాడు. ఆమెకు బదిలీ అయిందట. ఒక్క మాటైనా చెప్పకుండా వెళ్లిందని కోపం తెచ్చుకున్నానే తప్ప ఎక్కడికని అడగలేదు.

రెండేళ్లకు నేనే పాఠాలు చెప్పే ఉద్యోగంలో చేరాను. పరిశోధన ఎలా మొదలుపెట్టాలో చూపించడానికి విద్యార్థులను ఆ లైబ్రరీకే తీసుకెళ్లాను. చెయ్యి దానంతటదే వివాహం వ్యాసమున్న ఆ సంపుటం మీదికి పోయింది. పట్టిక పేజీ తెరిస్తే ఒక చీటీ ఉంది. ఆమె రాతే.

“ఇక్కడిదాకా వచ్చారా, నమ్మలేను! శుక్రవారం బదిలీ మీద వెళుతున్నాను. మీరు వద్దంటే ఆగిపోవాలనుంది.”

రిఫరెన్స్ పుస్తకాలు ఇంటికివ్వరు. రెండేళ్లుగా ఆ చీటీ అక్కడే ఉంది.

పెద్దాయన్ని ఆమె గురించి అడిగాను. నిరుడు పెళ్లయిందట, బాగుందట.

ఆమె అంటే నాకు ప్రాణం. ఆ మాట నాకు నేను కూడా అప్పుడే చెప్పుకున్నాను.

“చివర్లో ఏముంది సార్?” అడిగింది ఒక విద్యార్థిని.

“నేను చదవనిది,” అని సంపుటం ఆ విద్యార్థిని వైపు తిప్పాను. చీటీ అప్పటికే నా జేబులో ఉంది.