మెమరీలో మరణశాసనం

"ఇవాళ భోజనాల వేళకి ఉజ్వలని చంపేస్తారు," అన్నాడు చీఫ్ వీరభద్రరావు.

ఏజెంట్ జీషాన్ చేతిలో టీ కప్పు ఆగిపోయింది. విదేశీ ముఠాలో ఉంటూనే మనకి రహస్యాలు చేరవేసే డబుల్ ఏజెంట్ ఉజ్వల. ముఠా పసిగట్టేసింది.

"షూటర్ ఎవరంకుల్?"

"తెలీదు. ఎవర్ని చంపాలో వాడికీ ఇంకా తెలీదు. ఆఖరి నిమిషంలో ఆమె ఫోటో మెసేజ్ క్యూలో పడుతుంది, వాడి ఫోన్ తీసుకుంటుంది. ఆ క్యూ ప్రోగ్రాం ఉజ్వల రాసిందే. అంతా సర్వర్ మెమరీలోనే, డిస్క్ మీద అక్షరం ఉండదు. ఒకరు తీశారా, ఇంకొకరికి దొరకదు."

"అంటే, నా ఫోన్ ముందుగాల తీయాలె."

"వరసలో ముందున్నవాడికే మెసేజ్. నీ ఫోన్‌నీ ఉజ్వల ఆ వరసలో చేర్చింది."

"ఆమెను దాచేస్తే అయిపాయె గదా?"

"దాస్తే షూటర్ చిక్కడు. తనే ఎరగా కూర్చుంటానంది. మొండి ఘటం!"

తిండి అంగళ్ళు నిండిన యీషున్ హాకర్ సెంటర్ కిటకిటలాడుతోంది. నల్ల కళ్ళద్దాలు, ఎర్ర లిప్‌స్టిక్‌తో ఉజ్వల కాఫీ కలుపుతూ కూర్చుంది. గిన్నెలెత్తే క్లీనర్ వేషంలో జీషాన్. జేబులో ఫోన్ క్యూలో మొదటి స్థానంలో ఉంది.

అంతలో సిగ్నల్ పోయింది. ఛత్! మళ్ళీ కలిసేసరికి రెండో స్థానం. ముందున్నది షూటరే.

"వాడి కనెక్షన్ తెగితే మళ్ళీ నువ్వే ముందు," ఇయర్‌పీస్‌లో గుసగుసలాడింది ఉజ్వల. "త్వరగా జీషాన్, భయంగా ఉంది."

ఇంత జనంలో వాడెవడని పట్టుకోవడం? అప్పుడు కనిపించాడొకడు. ఖాళీ టేబుల్ మీదున్న టిష్యూ ప్యాకెట్‌ని పక్కకి తోసేసి దర్జాగా కూర్చున్నాడు. ప్యాకెట్ పెట్టారంటే ఆ టేబుల్ 'చోప్' అయిందన్నమాట, అంటే ఎవరో ముందే పట్టేసుకున్నట్టు. కడుపు మాడిపోతున్నా ఈ ఊరివాడు దాని జోలికెళ్ళడు.

"సమ్‌బడీ చోప్ ఆల్రెడీ లా!" అరిచింది పక్క టేబుల్ ఆంటీ.

వాడికి అర్థం కాలేదు. కళ్ళు ఫోన్‌కే అతుక్కుపోయాయి. ఇంకో చెయ్యి కోటు లోపల ఉంది.

"మెసేజ్ బయల్దేరుతోంది!" చెవిలో చీఫ్ కేక.

జీషాన్ కావాలనే తూలాడు. ట్రేలోని సూప్ గిన్నె వాడి ఫోన్ మీద బోర్లా పడింది. తెర ఆరిపోయింది.

మరుక్షణం జీషాన్ జేబులో ఫోన్ అదిరింది. తెర మీద ఉజ్వల ఫోటో. క్యూ ఖాళీ.

షూటర్ కోటులోంచి పిస్టల్ లాగేలోపే చుట్టూ కాపుకాసిన మఫ్టీ పోలీసులు వాణ్ణి టేబుల్‌కి అదిమేశారు.

ఉజ్వల కళ్ళద్దాలు తీసింది. కళ్ళు తడిసున్నాయి. "ఇంతమందిలో వాణ్ణెలా గుర్తుపట్టావ్?"

జీషాన్ టిష్యూ ప్యాకెట్‌ని మళ్ళీ యథాస్థానంలో పెట్టాడు.

"అరే యార్, వానికి తుపాకి పట్టుడు నేర్పి పంపిన్రు గానీ, ఈ ఊర్ల కూసునుడు నేర్పలే!"