కంచె అవతలి మంద

ఆ ఉదయం ఓర్ఫా నిద్ర లేచేసరికి పశువులు ఇంకా అరుస్తూనే ఉన్నాయి. వాళ్ళ ఇంటికి దక్షిణంగా, ముళ్ళతీగ కంచె అవతల, గిడియన్ లోమాక్స్ మంద నీటి వాసన పట్టి కదలకుండా నిలబడిపోయింది. కంచె ఇవతల రాళ్ళ మధ్య ఊట సన్నగానే అయినా ఆగకుండా పారుతోంది. ఆ ఏడు టెక్సస్‌లో వానలు మొహం చాటేశాయి. చుట్టుపక్కల వాగులన్నీ ఎండి నెర్రెలిచ్చాయి. ఆ ఊట ఒక్కటే మిగిలింది.

ఓర్ఫాకి కాలు ఒకచోట నిలవలేదు. పిండి కలుపుతూ సగంలో వదిలేసి కిటికీ దగ్గరికి వెళ్ళింది. తిరిగొచ్చేలోపు పెనం మీద రొట్టెలు మాడిపోయాయి.

"కిటికీలోంచి చూస్తే వాన వస్తుందటే?" అంది మేనత్త హల్దా, మాడిన రొట్టెలు గీకి కోళ్ళకి పారేస్తూ.

"వాన కోసం కాదు అత్తయ్యా."

"అదీ నాకు తెలుసులే."

హల్దా అత్తయ్యకే కాదు, ఆ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఏడేళ్ళ క్రితం ఓర్ఫాకీ గిడియన్‌కీ పెళ్ళి కుదిరింది, చర్చిలో ప్రకటన కూడా అయింది. పెళ్ళికి ముందు ఒక్క మందని ఉత్తరాన అమ్మకానికి తోలి వద్దామని గిడియన్ బయలుదేరాడు. ఓర్ఫా తమ్ముడు టోబీ కూడా వెంట వెళ్ళాడు. రెడ్ రివర్ దాటుతుంటే వరదలో టోబీ కొట్టుకుపోయాడు. శవం కూడా దొరకలేదు. ఆ కబురు మోసుకొచ్చిన గిడియన్‌ని ఓర్ఫా తండ్రి ఎజ్రా మెట్టు ఎక్కనివ్వలేదు. గిడియన్ పేరు పెట్టి పిలిచినా ఓర్ఫా తలుపు వెనకే నిలబడింది. బయటికి రాలేదు. పెళ్ళి మాట ఇక లేదని మర్నాడు అత్తయ్య చేత చెప్పించింది. ఆ చలికాలంలోనే బెంగతో తల్లి కన్నుమూసింది.

గిడియన్ ఎక్కడెక్కడో తిరిగి, పోయినేడు వచ్చి పక్క భూమే కొనుక్కున్నాడు. చర్చిలో అతను చివరి బల్ల మీద కూర్చుంటాడు, ఎజ్రా మొదటి బల్ల మీద. ఇద్దరి మధ్యా ఒక్క మాట లేదు. ఎండలు ముదరగానే ఎజ్రా ఊట చుట్టూ కంచె వేయించాడు.

ఎజ్రా వచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. కళ్ళు మూసుకుని, ఆ పూట రొట్టె కోసం, మిగిలిన పశువుల కోసం, తన భూమిలో ఎండిపోకుండా నిలిపిన నీళ్ళ కోసం దేవుడికి స్తోత్రాలు చెప్పాడు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ కిటికీలోంచి ఆ అరుపులు వస్తూనే ఉన్నాయి. అత్తయ్య ఆమెన్ అంది. ఓర్ఫా అనలేదు.

"ఏమ్మా, నోరు పడిపోయిందా?" అన్నాడు ఎజ్రా కళ్ళు తెరిచి.

"నీళ్ళిచ్చినందుకు దేవుడికి దండం పెట్టి, ఆ నీళ్ళ చుట్టూ ముళ్ళు పాతుకున్నాం. నాకు నోరు రాలేదు నాన్నా."

ఎజ్రా గొంతు పెంచలేదు. ఆ నీళ్ళు తన మందకే చాలవన్నాడు. మిగిలిన నీళ్ళు రోజూ ఇసుకలో ఇంకిపోవడం తను చూస్తూనే ఉన్నానంది ఓర్ఫా. ఆయన కాఫీ కప్పు పక్కకి జరిపాడు.

"వాడు నా కొడుకుని నదికి వదిలేసి, మంద మాత్రం భద్రంగా తోలుకుపోయాడు. వాడి మందకి నేను నీళ్ళు పట్టాలా?"

"అమ్మ వద్దు వద్దని ఏడుస్తుంటే టోబీని పంపిందెవరు నాన్నా?"

ఆ మాట అనాలని ఓర్ఫా అనుకోలేదు. ఇన్నేళ్ళూ ఆ ఇంట్లో ఎవరూ అనని మాట. ఎజ్రా ముఖం పాలిపోయింది.

ఇక దాచుకోవడానికి ఏమీ లేదనిపించింది ఓర్ఫాకి. "మీ కడుపుమంట చల్లారుతుందని నేను గిడియన్‌ని వదులుకున్నాను. అది చల్లారకపోగా ఇప్పుడు మూగజీవాల దాకా వచ్చింది," అంది.

ఎజ్రా ముద్ద ముట్టకుండా లేచి వెళ్ళిపోయాడు. ఓర్ఫా గుర్రపుశాలకి వెళ్ళి తీగలు కోసే పెద్ద కత్తెర తీసుకుంది. అత్తయ్య గుమ్మంలోకి వచ్చింది. అడ్డుపడుతుందేమో అనుకుంది ఓర్ఫా.

"టోపీ పెట్టుకుని పో. ఎండ నిప్పులు చెరుగుతోంది," అంది అత్తయ్య.

కంచె దగ్గర గిడియన్ ఒంటరిగా, మందని తీగ మీద పడకుండా వెనక్కి అదిలిస్తున్నాడు. దుమ్ముకొట్టుకుపోయి, కళ్ళు లోతుకి పోయి ఉన్నాడు. ఆమె చేతిలో కత్తెర చూసి దగ్గరికి వచ్చాడు.

"మీ నాన్న ఒప్పుకున్నాడా?"

ఓర్ఫా తీగ మీద కత్తెర పెట్టింది. గిడియన్ ఆ కత్తెరని పట్టుకుని ఆపాడు.

"వద్దు ఓర్ఫా. ఒకసారి ఆ ఇంట్లోంచి మనిషిని తీసుకెళ్ళి వట్టి చేతులతో తిరిగొచ్చాను. ఇప్పుడు ఆయన కూతురి చేతే ఆయన కంచె కోయించలేను."

"పశువులు చచ్చిపోతున్నాయి గిడియన్."

"నాకు కనిపించడం లేదా?"

ఓర్ఫాకి ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. "నీ పంతం ఆయన పంతాన్ని మించిపోయింది. ఆ రోజూ ఇంతే. ఇంకొక్కసారి నా పేరు పెట్టి పిలిచి ఉంటే బయటికి వచ్చేదాన్ని. ఎందుకు పిలవలేదు?"

"తలుపు కింద నీ పాదాలు కనిపిస్తూనే ఉన్నాయి," అన్నాడు గిడియన్ మెల్లగా. "నీకు నా ముఖం చూడాలని ఉంటే నువ్వే వస్తావనుకున్నాను."

ఇంతలో గాలి తిరిగి నీటి వాసన నేరుగా మంద మీదికి కొట్టింది. వెనకున్న పశువులు ముందున్న వాటిని తోసుకుంటూ వచ్చాయి. ఒక ఎర్రావు ముంగాళ్ళు తీగలో చిక్కుకున్నాయి. అది గుంజుకున్నకొద్దీ ముళ్ళు మాంసంలోకి దిగుతున్నాయి. గిడియన్ దాని మెడ పట్టుకుని వేలాడాడు.

"కత్తెర ఇలా తే," అన్న గొంతు విని ఓర్ఫా తిరిగి చూసింది. ఎజ్రా గుర్రం దిగి పరుగులాంటి నడకతో వస్తున్నాడు. ఆమె చేతిలోంచి కత్తెర లాక్కుని మోకాళ్ళ మీద కూలబడి మొదటి తీగ కోశాడు. "తల వంచి పట్టుకో, కొమ్ము తగులుతుంది," అని గిడియన్‌ని కసిరాడు. రెండో తీగ తెగింది. ఆఖరిదీ తెగింది. ఎర్రావు కుంటుతూ లేచింది. దాని వెనకే మంద అంతా, ఆ ముగ్గురికీ అటూ ఇటూగా, దుమ్ము లేపుకుంటూ ఊట వైపు పోయింది.

దుమ్ము అణిగాక కూడా ఎజ్రా మోకాళ్ళ మీదే ఉన్నాడు. పశువులు నీళ్ళు తాగడం చూస్తూ, గిడియన్ వైపు తిరగకుండానే అడిగాడు.

"వాడు చివర్లో ఏమైనా అన్నాడా?"

ఏడేళ్ళుగా ఆయన అడగని ప్రశ్న అది. గిడియన్ నెత్తుటి చేతులు ప్యాంటుకి తుడుచుకుని ఆయన పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ఏమీ అనలేదండీ. నీళ్ళలోకి దిగేటప్పుడు నన్ను వెక్కిరిస్తూ, నవ్వుతూ దిగాడు. నది మధ్యలో గుర్రం తిరగబడింది. నేను దూకాను. చొక్కా చెయ్యి దొరికింది. వదల్లేదండీ. చొక్కా చెయ్యే చిరిగి నా చేతిలో మిగిలింది."

"ఈ మాట అప్పుడే చెప్పలేదేం?"

"మీరు మెట్టు ఎక్కనివ్వలేదు."

ఆ గొంతులో నిష్ఠూరం లేదు. అందుకే కాబోలు, ఎజ్రా తట్టుకోలేకపోయాడు. టోపీ తీసి దాంట్లో ముఖం దాచుకుని ఏడ్చాడు. టోబీ పోయినప్పుడు గానీ, భార్యని పూడ్చినప్పుడు గానీ తండ్రి ఏడవగా ఓర్ఫా చూడలేదు.

"నేనే పంపాను," అన్నాడు. "వాళ్ళమ్మ వద్దంది. మగపిల్లాడు ఇంట్లో కూర్చుంటే ఎందుకూ కొరగాడని నేనే పంపాను. నిన్ను తిట్టుకోకపోతే ఆ తిట్టు నాకే తగిలేది గిడియన్. దేవుడి ముందు మోకాళ్ళూనినప్పుడు కూడా నీ పేరే చెప్పాను, నా పేరు దాచుకున్నాను."

ఓర్ఫా తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. ఇన్నేళ్ళూ ఆయన దుఃఖానికి తను కాపలా కాశాననుకుంది. ఇద్దరూ కలిసి కాపలా కాసింది దుఃఖానికి కాదని, 'నేనే పంపాను' అన్న ఆ ఒక్క మాట బయటికి రాకుండానని ఆమెకి ఇప్పుడు అర్థమైంది. గిడియన్ ముసలాయన మోచెయ్యి పట్టుకుని లేపాడు.

ఎజ్రా ముఖం తుడుచుకున్నాడు. "ఆ చోటు నీకు గుర్తుందా? వాడు పోయిన చోటు."

"ఉందండీ."

"ఒక్కసారి ఆ ఒడ్డున నిలబడి ప్రార్థన చేసుకోవాలని ఉంది. చలి ముదరకముందే తీసుకెళ్తావా?"

"తీసుకెళ్తాను."

"నేనూ వస్తాను," అంది ఓర్ఫా.

ఎజ్రా ఆమె వంక చూసి, గిడియన్ వంక చూశాడు. గిడియన్ ముఖం చెవుల దాకా ఎర్రబడింది.

"చాలా దూరం ప్రయాణం. పెళ్ళికాని పిల్లని పరాయి మగాడి వెంట అంత దూరం తీసుకెళ్తే చర్చిలో నా తల ఎక్కడ పెట్టుకోను?" అన్నాడు ముసలాయన. "వచ్చే ఆదివారం పాదిరీ గారు వస్తారు. అదేదో ముందు కానిచ్చేయండి."

గిడియన్ కంచె అవతలికి వెళ్ళి ఓర్ఫా వైపు తిరిగి నిలబడ్డాడు. ఈసారి ఆమె పేరు పెట్టి పిలిచాడు. ఆమె తెగిన తీగలు దాటి అతని వైపుకి వెళ్ళింది.