మొరగని కుక్క, రాక్షసుడి నగారా

శంఖగిరి రాజుగారికి ఆర్భాటమంటే మహా ఇష్టం. అందుకే ఘోషాసురుడనే రాక్షసుడు ఒక నగారాను కానుకగా ఇస్తే, ముందూ వెనకా చూడకుండా పుచ్చుకుని గురుకులం ముంగిట కట్టించాడు. రోజూ పొద్దున్నే అది దానంతటదే మూడుసార్లు మోగేది. పిల్లలంతా గొంతు చించుకుని "ఉన్నాను!" అని అరవాలి. అరవలేని పిల్లలు పాదాల నుంచి మొదలై, రోజుకు కొంచెం చొప్పున రాయైపోయేవారు. రాక్షసుడి కానుకలో ఇంకేముంటుంది?

అలా ఆరుగురు రాళ్లయ్యారు. వాళ్లు చెడ్డపిల్లలు కారు. చప్పుడు వింటే చెవులు మూసుకునేవాళ్లు, మాట పెగలనివాళ్లు. భటులు ఆ రాళ్లను గురుకులం తోట గోడ వారకు దొర్లించేటప్పుడు ఒక పాప చిటికెన వేలు విరిగిపోయింది. దాన్ని ఎవరూ వెతకలేదు.

ఏడోవాడు కట్టెలు కొట్టే భద్రయ్య కొడుకు కోనయ్య. గులకరాళ్లను వరసగా పేర్చడమే వాడి ఆట. అక్క నీలాలు వాడి రెక్క పట్టుకుని, "ఒక్కసారి అరవరా నా తండ్రీ!" అని కుదిపేది. కుదిపినకొద్దీ వాడు ముడుచుకుపోయేవాడు. మోకాళ్లు రాయైన రోజున నీలాలు తండ్రి గొడ్డలి తీసుకుని నగారా మీదికి వెళ్లింది. దెబ్బ పడగానే అది రెట్టింపు మోగింది. కోనయ్య తొడలు కూడా బిగుసుకుపోయాయి. చేసిన పనికి నీలాలు కుమిలిపోయింది.

ఆమె వెళ్లి, అడవి మొదట్లో పుట్టగొడుగులు ఏరుకుంటున్న తాపసి అవ్వ కాళ్ల మీద పడింది.

"గొడ్డలితో అయ్యే పని కాదే తల్లీ," అంది అవ్వ. "ఘోషాసురుడి గుహ ముందు మొరగని కుక్క ఒకటుంది. అది పక్కన పడుకుంటే బిడ్డకు భయం తగ్గుద్ది. కానీ పిలిస్తే రాదు, లాగితే రాదు."

"ఎన్నాళ్లుంది అవ్వా?"

"అయిదు రోజులు. ఆపైన గుండె రాయవుద్ది."

ముళ్ల లోయలో పరుగెత్తేవాళ్లను తీగలు చుట్టేస్తాయి. నీలాలు పరుగెత్తింది, ఒళ్లంతా చీరుకుపోయింది. నడక నేర్చుకున్నాకే తీగలు వదిలాయి. తరువాత మాయ వెదురు వనం. అందులోంచి కోనయ్య గొంతు, "అక్కా, ఇటు రా!" అని పిలిచింది. కోనయ్య పుట్టినప్పటి నుంచి ఒక్కసారి కూడా అక్కా అనలేదు. అందుకే అది మోసమని నీలాలుకు తెలిసింది. తెలిసినా ఏడుపు ఆగలేదు.

రెండోనాటికి గుహ చేరింది. బూడిదరంగు కుక్క రాతి మీద కూర్చుని ఉంది. నీలాలు పిలిచింది, జొన్నరొట్టె విసిరింది. అది ఇంకా వెనక్కి జరిగింది. గుహలోంచి ఘోషాసురుడు పకపకా నవ్వాడు.

"ఓసి పిల్లా! గట్టిగా అరవవే! అరవనివాళ్లకు ఈ లోకంలో ఏం దక్కుద్ది?"

నీలాలు ఓపిక అయిపోయింది. కుక్కకు వీపు పెట్టి కూలబడి, ఏం చేయాలో తోచక తమ్ముడిలాగే గులకరాళ్లు పేర్చసాగింది. పేర్చగా పేర్చగా ఆమె ఊపిరి నెమ్మదించింది. సాయంత్రానికి కుక్క వచ్చి వరస చివర ముక్కు ఆనించింది.

"పట్టుకో! పారిపోద్ది!" అని రాక్షసుడు ఊరించాడు.

నీలాలు చెయ్యి ఎత్తలేదు. మర్నాడు పొద్దెక్కాక కుక్క ఆమె పాదాల మీద తల పెట్టింది.

తిరుగుదారిలో అది దాని నడకే నడిచింది. తొందరపెట్టడానికి లేదు. నీలాలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని వెంట నడిచింది. అయిదోనాటి పొద్దున గురుకులం చేరేసరికి రాయి కోనయ్య పక్కటెముకల దాకా పాకింది.

నగారా మోగింది. కోనయ్య చెవులు మూసుకున్నాడు. కుక్క వెళ్లి, కూర్చున్నచోటే రాయైన వాడి తొడల మీద బరువుగా పడుకుంది. నీలాలుకు తమ్ముణ్ణి కుదపాలనిపించింది. చేతులు వెనక్కి కట్టుకుంది. రెండోసారి మోగింది. కోనయ్య ఒక చెయ్యి దించాడు. మూడోసారి మోగుతుండగా ఆ అరచేత్తోనే కుక్క వీపు మీద మెల్లగా తట్టాడు.

ఇన్నాళ్లూ రాజుకు జడిసి నోరు మెదపని గురువుగారు లేచి నిలబడ్డారు.

"వాడు ఉన్నాడు! నాకు వినబడింది!"

నగారా చర్మం నిలువునా చిరిగింది. కోనయ్య కాళ్లు కదిలాయి. దూరాన గుహలో ఘోషాసురుడి గొంతు ఆనాటితో పడిపోయింది.

నగారా చిరగడంతో పూర్తిగా రాయైనవాళ్లకూ విడుదల దొరికింది. కుక్క రోజుకొకరి చొప్పున ఆరుగురి పక్కనా పడుకుంది. అందరూ తిరిగొచ్చారు. పాప మాత్రం నాలుగు వేళ్ల చేత్తోనే వచ్చింది. రాజుగారు స్వయంగా మోకాళ్ల మీద పాకుతూ తోటంతా వెతికినా ఆ వేలు దొరకలేదు.

ఇప్పుడు గురుకులంలో అరవగలిగినవాళ్లు అరుస్తారు, లేనివాళ్లు తడతారు. కుక్కకు సొంత చాప ఉంది.

తన కాళ్లు కదిలిన రోజు సాయంత్రం కోనయ్య కుక్క దగ్గర మొదలుపెట్టి ఇంటి గడప దాకా గులకరాళ్లు పేర్చుకుంటూ వచ్చాడు. చివరి రాయి నీలాలు పాదం మీద పెట్టాడు. అక్కా అని అనలేదు. అయినా నీలాలుకు ఆ పిలుపు వినబడింది, ఈసారి అందులో మోసం లేదు.