చాడీల చిట్టి ముగింపు

పొద్దున్నే కాఫీ గ్లాసులు బల్ల మీద పెట్టేసి, అమ్మ స్కేలు పట్టుకుని తెల్ల అట్టల మీద గడులు గీయడానికి కూర్చుంది. చాలా కాలం కుట్టుపని చేసిన చెయ్యి కాబట్టి గీత వంకర పోదు. ఆ గడుల్లో అక్క పెన్సిలుతో బొమ్మలు వేస్తుంది. చెల్లెలు వాటి మీద సిరా దిద్దుతుంది. సిరా ఆరాక అమ్మే రబ్బరుతో పెన్సిలు గీతలు చెరిపి పత్రిక ఆఫీసుకు పంపిస్తుంది. ఏళ్ళ తరబడి వారపత్రికలో జనాన్ని నవ్విస్తున్న ఆ బడి ప్రేమకథ, జపాన్ మాంగా పద్ధతిలో నడిచే బొమ్మల సీరియల్, ఈ ముగ్గురి చేతుల మీదుగానే వెళ్తుంది. ఈ వారంతో అది అయిపోతోంది.

అక్క మహా హుషారుగా కూనిరాగం తీస్తూ పెన్సిలు చెక్కుతోంది. చూసేవాళ్ళకి కత్తి నూరుతున్నట్టే ఉంది.

"ఏమిటే పెద్దదానా, పొద్దున్నే పాటలు?"

"చివరి భాగం కదమ్మా. ఇవాళ చిట్టి పని పడతాను."

కిటికీ దగ్గర సిరా బుడ్డి మూత తిప్పుతున్న చెల్లెలు తలెత్తలేదు.

చిట్టి అంటే చాడీల చిట్టి. కథానాయికకీ పక్క బెంచీ అబ్బాయికీ మధ్య పుల్లలు పెట్టే పిల్ల. రెండు జడలు, నవ్వితే పంటి సందు, చెవి కింద పుట్టుమచ్చ. ఆ పుట్టుమచ్చ చెల్లెలికి ఉంది. ఆ సంగతి ఇంట్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. ముఖం మీద అనుకునేకన్నా ముసుగులో గుద్దులాట నయమనుకునే ఇల్లు అది.

అక్క పదో తరగతిలో ఉండగా నిజంగానే ఒక పక్క బెంచీ అబ్బాయి ఉండేవాడు. ఇద్దరూ లెక్కల పుస్తకం వెనక అట్ట మీద బొమ్మలు వేసి ఒకరికొకరు చూపించుకునేవారు, బడి వదిలాక కలిసి నడిచొచ్చేవారు. అంతకు మించి ఏమీ లేదు, కానీ అక్కకి అదే లోకం. చెల్లెలు వెళ్ళి నాన్న చెవిలో ఊదింది. నాన్న మర్నాడే బడికొచ్చి, క్లాసు క్లాసంతా చూస్తుండగా అక్కని చెయ్యి పట్టి ఈడ్చుకొచ్చాడు. వెనక నుంచి ఎవరో ఈల వేశారు. ఆ ఈల అక్క చెవుల్లో ఇప్పటికీ ఉంది. ఆ బడికి మళ్ళీ వెళ్ళలేదు, ఆ అబ్బాయిని మళ్ళీ చూడలేదు. నాన్న పోయినా పగ పోలేదు.

మొగుడితో పొసగక చెల్లెలు పెట్టె పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ రోజున అక్క కాదనలేదు. "ఉండు. నా బొమ్మలకి సిరా దిద్దు" అంది. తరువాతి వారమే కథలోకి చిట్టి వచ్చింది. చిట్టి బురదలో పడ్డా, చిట్టిని చూసి బడంతా నవ్వినా, ఆ నల్లగీత చెల్లెలే దిద్దాలి. తన పరువు తనే తీసుకోవాలి. ఇంతకన్నా కమ్మని శిక్ష ఎక్కడ దొరుకుతుంది?

అక్కకి ఒక అలవాటు ఉంది. పెన్సిలు పని ముగించి పేజీ ఇచ్చేశాక మళ్ళీ దాని మొహం చూడదు. అచ్చయిన పత్రిక విప్పదు. చూస్తే తరువాతి బొమ్మకి చెయ్యి తడబడుతుందని నమ్మకం. ఆ అలవాటే ఇవాళ కొంప ముంచబోతోంది.

కాఫీ అవుతుండగా ఎడిటర్ ఫోన్ చేశాడు.

"మేడమ్, చివరి భాగం గురించి చిన్న మనవి. చిట్టికి అన్యాయం చెయ్యకండి. పాఠకులు నన్ను బతకనివ్వరు."

అక్క నవ్వింది. "చిట్టి వచ్చిన ప్రతిసారీ ఉత్తరాలు వస్తున్నాయన్నారుగా. పడిందని సంతోషించేవాళ్ళేగా?"

"సంతోషమా! ఏడుస్తున్నారు మేడమ్. మీ కథలో నిజంగా ఎదిగిన పాత్ర అదొక్కటే. నోటితో చాడీ చెబుతూనే కళ్ళతో ఎంత కుమిలిపోతుందో! ఆ చూపు మీరెలా పట్టుకున్నారో గానీ..."

అక్క ఫోన్ పెట్టేసి తిన్నగా అలమర దగ్గరికి నడిచింది. అమ్మ దాచిన పత్రికల దొంతరంతా కింద పడేసి, ఒక్కొక్కటే విప్పింది. మాటలన్నీ తను రాసినవే. "నేను చెప్పేశాగా!" అని చిట్టి అరుస్తోంది. కానీ తను వేసిన వెకిలి నవ్వు లేదు. పెదవి ఒక పక్కకే లేచి ఆగిపోయింది. చూపు నాయిక వైపు తిరిగింది. ఇంకో పేజీలో వేళ్ళు గౌను అంచుని గట్టిగా పట్టుకున్నాయి. పేజీలు తిప్పుతున్న కొద్దీ చిట్టి కళ్ళు దించుకుంటోంది, వెనక్కి తగ్గుతోంది, ఎవరూ చూడనప్పుడు నాయిక సంచి సర్ది పెడుతోంది. అక్క ఒళ్ళు మండిపోయింది.

"ఏయ్! నా గీత మార్చడానికి నువ్వెవతివే?"

చెల్లెలు కలం పక్కన పెట్టింది. "మార్చాను."

"ఎంత ధైర్యం! నా ఇంట్లో కూర్చుని, నా తిండి తింటూ, నా వెనకే గోతులు తవ్వుతావా? చిన్నప్పుడు చేసింది చాలలేదా?"

"పెద్దదానా, నెమ్మదిగా..."

"నువ్వు మాట్లాడకమ్మా! చెరిపే చెయ్యి నీదే. నీకూ తెలుసు."

అమ్మ స్కేలు వైపు చూస్తూ కూర్చుంది. తెలుసని ఒప్పుకున్నట్టే.

"క్షమించమని అడిగే మొహం లేదక్కా నాకు," అంది చెల్లెలు. "అందుకే చిట్టి మొహంలో పెట్టాను. నువ్వెప్పుడైనా చూస్తావనుకున్నాను."

"క్షమాపణా? నా బతుకు బజారున పడేసి సిరాతో సరిపెడతావా? ఎందుకు చెప్పావే నాన్నకి? ఏం చేశానే నీకు?"

"నాతో ఇంటికి రావడం మానేశావు." "రోజూ నా చెయ్యి పట్టుకుని తీసుకొచ్చేదానివి. తరవాత ఆ అబ్బాయితో ముందు నడిచి వెళ్ళిపోయేదానివి. నేను వెనకాల ఒక్కదాన్నే. చెల్లిని కూడా తీసుకురా అని నాన్న నీకు చెప్తాడనుకున్నాను. అంతే అనుకున్నానక్కా."

అక్క వినదలుచుకోలేదు. ఇంతకాలం పెంచిన పగ మాటలకి కరిగితే ఇంకేం పగ? చివరి పేజీ చెల్లెలి ముందుకు తోసింది. బడి గేటు లోపల నాయికా అబ్బాయీ చేతులు పట్టుకున్నారు. పిల్లలంతా చప్పట్లు. మూసిన గేటు బయట చిట్టి ఒక్కతే, అందరూ దాన్ని చూసి నవ్వుతున్నారు.

"నా ముందే దిద్దు. వెంట్రుకవాసి తేడా రాకూడదు. ఇది పూర్తయ్యాక నీకిక్కడ పని లేదు, చోటూ లేదు. పెట్టె సర్దుకో."

చెల్లెలు కలం ముంచింది. గేటు ఊచలు దిద్దింది. నవ్వే మొహాలు ఒక్కొక్కటే దిద్దింది, ఒక్క పన్ను కూడా వదల్లేదు. అక్క చేతులు కట్టుకుని దగ్గరే నిలబడింది. తన బొమ్మ సిరాలోకి మారడం అంత దగ్గర నుంచి ఎప్పుడూ చూడలేదు. కలం చిట్టి జడల మీదుగా, పుట్టుమచ్చ మీదుగా నోటి దగ్గరికి వచ్చింది.

"ఆగు."

"ఉన్నదున్నట్టే దిద్దుతున్నానక్కా."

"ఆ సందేమిటి? పదో తరగతి పిల్లకి పన్ను ఊడుతుందా?"

"నువ్వు పదిలో ఉన్నప్పుడే నాకు ఊడింది. నేనప్పుడు నాలుగో తరగతి. నువ్వే దారం కట్టి లాగావు. ఏడిస్తే నీ రిబ్బను ఇచ్చావు."

అక్క బొమ్మని మళ్ళీ చూసింది. గేటు లోపల అందరూ పొడుగాటి పిల్లలు. బయటున్నది వాళ్ళ మోచేతికి కూడా అందదు. ఎప్పుడూ అలాగే వేసింది, ఎప్పుడూ గమనించలేదు. ఇన్నేళ్ళుగా బురదలో తోసిందీ, బడంతా నవ్వించిందీ పన్నూడిన చంటిదాన్ని. ఈడ్చుకొచ్చింది నాన్న. ఈల వేసింది ఇంకెవడో. వాళ్ళిద్దరూ కథలో ఎక్కడా లేరు.

అక్క ఆ పేజీ తీసి నిలువునా చింపింది.

"అయ్యో, నా గడులు!" అంది అమ్మ.

"మళ్ళీ గియ్యమ్మా. ఒక్కటే గడి, పేజీ అంతా."

అక్క గబగబా పెన్సిలు ఆడించింది. బడి గేటు బార్లా తెరిచి ఉంది. నాయిక చిట్టి చెయ్యి పట్టుకుని ఇంటి దారి పట్టింది. వెనకాల పక్క బెంచీ అబ్బాయి ఇద్దరి సంచులూ మోస్తూ, చెవుల దాకా నవ్వుతూ వస్తున్నాడు. చిట్టి మొహం ఉండాల్సిన చోట అక్క ఏమీ వెయ్యలేదు. పేజీ చెల్లెలి వైపు జరిపింది.

"ఆ మొహం నాకు రాదు. నువ్వే వెయ్యి." పెన్సిలు కింద పెట్టి, "అటక మీది పెట్టె కిందకి దించకు," అంది.

చెల్లెలు కలం ఎత్తింది గానీ కళ్ళు మసకబారి కాగితం కనబడలేదు. అక్క ఆమె భుజం మీద తల వాల్చి వెక్కి వెక్కి ఏడ్చింది.

అమ్మ చటుక్కున పేజీ లాగేసుకుంది. "కాగితం తడిస్తే సిరా పాకుతుందే. అటు తిరిగి ఏడవండి, ఇద్దరూ."